కోడిగుడ్ల అట్టలో మెమరీ కార్డులు

చింతాడ వైకుంఠరావుకు ఫోను గురించి తెలిసినదల్లా మోగితే ఎత్తడం, మోగకపోతే ఎందుకు మోగలేదా అని ఆలోచించడం. అటువంటి మనిషి శిశు పోషణ శాఖ మొత్తంలో ఫోను స్టోరేజీ గురించి సాధికారికంగా మాట్లాడగల ఏకైక ఉద్యోగి ఎలా అయ్యాడన్నది ఆయనకే చాలాకాలం అంతుబట్టలేదు. అంతుబట్టేసరికి కొండవలస ప్రాజెక్టులో పిల్లలెవరికీ గుడ్డు అందడం లేదు.

ఆయన కొండవలస శిశు పోషణ ప్రాజెక్టు కార్యాలయంలో సూపరింటెండెంటు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. చుట్టూ కొండలు, కొండల మధ్య ఊళ్లు, ఊరికో అంగన్‌వాడీ కేంద్రం. కేంద్రానికి వచ్చే చిన్నపిల్లలకు మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక ఉడికించిన కోడిగుడ్డు పెట్టాలి. శాఖ చేయవలసిన పని అంతే. కానీ పని ఇంతే అని ఒప్పుకుంటే శాఖకు పరువుండదు గనుక, పైనున్నవారు కార్యకర్తలందరికీ తలా ఒక ఫోను ఇచ్చి, అందులో యాప్‌లు వేయించడం మొదలుపెట్టారు.

పిల్లలు వచ్చారని చెప్పడానికి ఒక యాప్. వచ్చిన పిల్లల బరువుకు ఇంకొకటి. గుడ్డుకు వేరు, పాలకు వేరు. తినబోయే ముందు చేతులు కడుక్కున్నట్టు ఫోటో పెట్టడానికి మరొకటి. కార్యకర్తలు ఈ యాప్‌లన్నీ రోజూ తెరుస్తున్నారా లేదా అని కనిపెట్టే యాప్ అన్నింటిలోకీ పెద్దది. ఫోను చూస్తే చవకరకం. నాలుగు యాప్‌లకే దాని కడుపు నిండిపోయేది. ఐదోది వేయబోతే ‘స్టోరేజీ నిండింది, కొంత ఖాళీ చేయండి’ అని చెప్పేది. కార్యకర్తలు చెప్పినట్టే ఖాళీ చేశారు. తమ్ముడి పెళ్లి ఫోటోలు తీసేశారు, భజన పాటలు తీసేశారు. ఇక తీయడానికి ఏమీ లేదన్నాక కూడా యాప్‌లు వస్తూనే ఉన్నాయి.

ఒక రోజు నెలవారీ సమీక్షా సమావేశంలో ప్రాజెక్టు అధికారిణి మృణాళిని మేడం ఫోను కూడా అదే మాట అంది. సమీక్ష యాప్ తెరుచుకోలేదు. అవతల రాజధానిలో సంచాలకులు కనిపెట్టుకుని ఉంటారు.

“వైకుంఠరావు గారూ, ఇది పట్టుకోండి” అని ఫోను ఆయన చేతిలో పెట్టి, సంజాయిషీ చెప్పుకోవడానికి పక్కగదిలోని ల్యాండ్‌లైను దగ్గరికి వెళ్లారు.

పట్టుకోవడం వరకే ఆయనకు అప్పగించిన పని. కానీ బొటనవేలు ఎక్కడో తగిలి ఏవో సెట్టింగులు తెరుచుకున్నాయి. మూసేద్దామని ఇంకోచోట నొక్కితే ఒక యాప్ పేరు, దాని కింద ‘స్టోరేజీ’, దాని కింద ‘మార్చు’ అని వచ్చాయి. మారిస్తే ఇదివరకటిలా అయిపోతుందేమోనని నొక్కాడు. ‘మెమరీ కార్డుకు తరలిస్తున్నాం’ అంటూ ఒక గీత నెమ్మదిగా నిండసాగింది. ప్రభుత్వ ఆస్తిని తరలించిన కేసులో ఇరుక్కున్నానని ఆయన భయపడ్డాడు. మేడం తిరిగి వచ్చేసరికి గీత నిండింది, ఫోనులో జాగా ఏర్పడింది, సమీక్ష యాప్ బుద్ధిగా తెరుచుకుంది.

“ఏం చేశారు మీరు?”

“ఒక యాప్‌ని మెమరీ కార్డుకి తరలించానండి” అన్నాడు వైకుంఠరావు, తెర మీద చదివిన మాటే.

“మీకింత టెక్నికల్ నాలెడ్జి ఉందని నాకు తెలీదు.”

అప్పుడు ఆయన ‘వేలు తగిలిందండి’ అనేస్తే సరిపోయేది. కానీ ఇన్నేళ్ల సర్వీసులో వైకుంఠరావులో ఫలానాది ఉందని ఎవరూ అనలేదు. లేదని మాత్రం చాలామంది అన్నారు. మేడం మాట చెవిన పడగానే ఆయన వెన్నెముక దానంతటదే నిటారుగా నిలబడింది.

“ఏదో కొద్దిగానండి” అన్నాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ‘శ్రీ చింతాడ వైకుంఠరావు, సూపరింటెండెంటు వారిని నిల్వస్థల నిర్వహణ నోడల్ అధికారిగా నియమించడమైనది. వారు తమ సాధారణ విధులకు భంగము వాటిల్లకుండా ప్రాజెక్టునందలి సమస్త ఫోనులలో తగినంత ఖాళీ స్థలమును సృష్టించి నివేదించవలెను.’ సృష్టించడమన్న మాట ఆయనకు బాగా నచ్చింది. ఉత్తర్వును ఇంటికి తీసుకెళ్లి భార్య వరహాలమ్మకు చదివి వినిపించాడు.

ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది. “మనింట్లో పప్పు డబ్బా ఎక్కడుంటాదో సెప్పండి చూద్దాం” అంది.

“ఇప్పుడదెందుకు?”

“ఏమీ లేదు. జాగా అధికారి గదా అని అడిగాను.”

వైకుంఠరావు ఆ ప్రశ్న తన పరిధిలోకి రాదని నిర్ణయించుకుని, తాళం చెవులు వెతుక్కుని బయటికి వెళ్లాడు. బజారులో ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చుని, తనకు తెలిసిన విషయమే సరిచూసుకుంటున్నట్టు నాలుగు ముక్కలు అడిగి తెలుసుకున్నాడు.

ఆ నాలుగు ముక్కలతో ఆయన ఇచ్చిన శిక్షణ నిజంగానే బాగా కుదిరింది. కార్యకర్తలందరినీ మండల సమావేశ మందిరంలో కూర్చోబెట్టి చెప్పాడు.

“ఫోనంటే ఇల్లమ్మా. ఫోను సొంత స్టోరేజీ అంటే మనం తిరిగే గది. మెమరీ కార్డు అంటే అటక. రోజూ వాడనివి అటకెక్కిస్తే గదిలో కాళ్లు చాపుకోడానికి చోటుంటాది. ఫోటోలు, వీడియోలు ఇట్టే ఎక్కుతాయి. యాప్‌లు కొన్నే ఎక్కుతాయి. కొన్ని మంచం కోళ్లలాగ, కిందనే ఉంటాయి.”

అందరూ తలలూపారు. జీడివలస కేంద్రం కార్యకర్త అప్పలనర్సమ్మ లేచి నిలబడింది. గట్టి మనిషి. కొండ దిగి రెండు బస్సులు మారి వచ్చింది.

“అలాగే ఎక్కించేస్తాం బాబూ. ఎక్కించీస్తే మరి గుడ్డు యాప్ ఆగకుండా పన్జేస్తాదా?”

“చేస్తుంది.”

“మరింకేటి కావాలి” అని కూర్చుంది.

అయితే గుడ్డు యాపే కింద ఉండిపోయే రకమని తరువాత తేలింది. దానికి ‘మార్చు’ అన్న మీటే లేదు. శాఖ చేయించిన యాప్‌లన్నీ అదే రకం. వైకుంఠరావు ఈ సంగతి వినయంగా పైకి రాశాడు. సంచాలకులు జ్ఞానశేఖర్ గారి నుంచి జవాబు వచ్చింది. ‘తరలింపునకు వీలులేని యాప్‌లను తరలించుటకు తగు చర్యలు గైకొని, తరలించినట్లు ధ్రువీకరణ పంపవలెను. అలక్ష్యము వహించినచో తీవ్రముగా పరిగణించబడును.’ జవాబుతో పాటు కొత్త మెమరీ కార్డుల పార్సెలు కూడా వచ్చింది.

వైకుంఠరావు మళ్లీ బజారుకు వెళ్లి సరిచూసుకుని వచ్చాడు. కొత్త కార్డు పెట్టగానే ఫోను ఒక ప్రశ్న అడుగుతుంది. దీన్ని విడిగా వాడుకుంటారా, ఫోనులో భాగం చేసుకుంటారా అని. భాగం చేసుకుంటే అటక, గది అన్న తేడా పోతుంది. ఎక్కనన్న యాప్‌లు కూడా చాలావరకు సర్దుకుంటాయి. ఆ ప్రశ్న కింద చిన్న అక్షరాలలో ఇంకేదో రాసి ఉంది గానీ, చిన్న అక్షరాలు చదవడం కింది ఉద్యోగుల పని అనుకునే స్థాయికి ఆయన అప్పటికే చేరుకున్నాడు. అన్ని ఫోన్లలోనూ రెండోదే నొక్కించాడు.

ఫోన్లు తేలికపడ్డాయి. గుడ్డు యాప్ నొక్కగానే తెరుచుకుంది. స్థానిక పత్రికలో ఆయన ఫోటో వచ్చింది. పాలవాడిని, బస్సు కండక్టరును ఆపి “మీ ఫోన్లో జాగా ఎంతుంది?” అని అడగడం అలవాటైంది. పాలవాడు కొన్నాళ్లు గుమ్మంలోకి రాకుండా గేటు దగ్గరే పాలు పోసి వెళ్లాడు.

ఈ వైభవం ఇలా సాగుతుండగా వేరే జిల్లాలో ఎక్కడో ఒక కార్యకర్త మెమరీ కార్డు పారేసుకుంది. దానితో సంచాలకులు కలత చెంది మరో ఉత్తర్వు ఇచ్చారు. ‘మెమరీ కార్డులు ప్రభుత్వ ఆస్తి. పరిమాణములో అల్పములగుటచే పోవుటకు మిక్కిలి అవకాశము కలదు. కావున సంచాలకులవారి తనిఖీ పూర్తియగు వరకు సమస్త కార్డులను ఫోనుల నుండి వెలికితీసి, ఆయా ప్రాజెక్టు కార్యాలయములందు ఇనుప బీరువాలో భద్రపరచవలెను.’

వైకుంఠరావు ఉత్తర్వు పట్టుకుని మేడం గదిలోకి వెళ్లాడు. ఈ ఒక్క సంగతి ఆయనకు నిజంగానే తెలుసు.

“కార్డు తీస్తే యాప్‌లు పనిచేయవండి.”

“ఎందుకు చేయవు? యాప్‌లు కార్డులో భద్రంగా ఉంటాయని మీరేగా చెప్పారు.”

“ఉంటాయండి.”

“కార్డు బీరువాలో ఉంటే?”

“ఇంకా భద్రంగా ఉంటాయండి.”

“మరి ఇబ్బందేమిటి?”

ఇబ్బంది ఏమిటో చెప్పవచ్చు. చెబితే, అన్ని ఫోన్లనూ అలా కార్డుకు ముడిపెట్టింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. నోడల్ అధికారి అన్న బోర్డు ఆయన టేబుల్ మీదికి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఇత్తడి బోర్డు. ఆయన ‘ఇబ్బందేమీ లేదండి’ అని సంతకం పెట్టి బయటికి వచ్చాడు. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ ఆయనకు ఆ చేతితో అన్నం తినబుద్ధి కాదు, తింటాడు గానీ.

కార్డులు కార్యాలయానికి చేరాయి. ఒక్కొక్కటి గోరంత. వాటిని కలగలిసిపోకుండా ఉంచడానికి వైకుంఠరావు తన మేధస్సు నుంచి ఒక ఉపాయం తీశాడు. గుడ్లు వచ్చే అట్టలు కార్యాలయం వెనక గుట్టగా పడి ఉన్నాయి. గుడ్డుకు గుంత ఉన్నట్టే కార్డుకు గుంత. పక్కన స్కెచ్ పెన్నుతో ఊరి పేరు. అట్టలను బీరువాలో పెట్టి తాళం వేశాక ఆయన కొంచెంసేపు అక్కడే నిలబడి తనను తాను మెచ్చుకున్నాడు.

ఊళ్లలో మాత్రం గుడ్డు యాప్ బూడిదరంగులోకి మారిపోయింది. ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. యాప్‌లో నమోదు కాని గుడ్డు ఇచ్చినట్టు కాదని, ఇచ్చినట్టు కాని గుడ్డు ఇవ్వరాదని అంతకుముందే ఒక ఉత్తర్వు ఉంది. కార్యకర్తలు గుడ్లు దించుకున్నారు, మూల పెట్టారు, పిల్లలకు అన్నం పప్పు పెట్టి పంపించేశారు.

“రెండ్రోజులు ఓపిక పట్టండమ్మా. సంచాలకులు చూసి వెళ్లగానే కార్డులిచ్చేస్తాం” అని వైకుంఠరావు ఫోన్లో అందరికీ చెప్పాడు.

సంచాలకులు వచ్చారు. ఎత్తైన మనిషి, మెల్లగా మాట్లాడతారు. బీరువా తెరిపించి, అట్టలు చూసి ముగ్ధులయ్యారు.

“ఇది ఎవరి ఆలోచన?”

మేడం వైకుంఠరావు వైపు చూపించారు. వైకుంఠరావు నేల వైపు చూశాడు, వినయంగా కనిపించే కోణంలో.

“దీన్ని మనం డాక్యుమెంట్ చేయాలి. ఉత్తమ ఆచరణగా ప్రచారం చేయాలి. మీరు ఆ అట్టలన్నీ చేతుల మీద పెట్టుకుని అలా వెలుతురులోకి రండి” అన్నారు సంచాలకులు. ఫోటో తీసే ఆయన మోకాలి మీద కూర్చుని, “కార్డులు కనిపించట్లేదు సార్, అట్టలు కొంచెం ఏటవాలుగా వంచండి” అన్నాడు.

వైకుంఠరావు వంచాడు.

కార్డులు చేటలోంచి మినుములు జారినట్టు జారాయి. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నేల మీద, కుర్చీల కింద, సంచాలకుల బూట్ల చుట్టూ నల్లగా పరుచుకున్నాయి.

“ఫోటో వచ్చిందా?” అని సంచాలకులు అడిగారు.

“వచ్చింది సార్. వంచుతున్నప్పుడే తీసేశాను.”

“అయితే ఇక ఎత్తించేయండి” అని ఆయన తరువాతి ప్రాజెక్టుకు వెళ్లిపోయారు.

ఎత్తారు. అన్నీ ఒకేలా ఉన్నాయి. వైకుంఠరావు ఒక కార్డు తీసుకుని, కార్యాలయానికి తెప్పించిన జీడివలస ఫోనులో పెట్టి చూశాడు. ‘ఈ కార్డును చదవలేకపోతున్నాను. ఫార్మాట్ చేయమంటారా?’ అని ఫోను అడిగింది. ఆనాడు చదవకుండా వదిలేసిన చిన్న అక్షరాల సారాంశం బజారులో అప్పుడు తెలిసింది. భాగం చేసుకున్న కార్డు ఆ ఒక్క ఫోనుకే అర్థమవుతుంది. వేరే ఫోను దృష్టిలో అది పనికిరాని ప్లాస్టిక్ ముక్క. అన్ని కార్డులూ ఒక్కొక్కటే పెట్టి చూద్దామని కూర్చుంటే, ఒక్క ఫోనుకే సాయంత్రమైంది. తీరా దాని కార్డు ఆ కుప్పలో లేదు. ఎవరి చెప్పుకు అంటుకుని ఏ ఊరు వెళ్లిపోయిందో.

ఫార్మాట్ చేసి మొదటినుంచి వేసుకుంటామని రాస్తే పైనుంచి వద్దన్నారు. ‘ఫార్మాట్ చేసినచో ప్రభుత్వ సమాచారము నశించును. ఏ కార్డు ఏ కార్యకర్తకు చెందునో నిర్ధారించుటకు త్రిసభ్య కమిటీని నియమించడమైనది.’ కమిటీ తెల్లబట్ట పరిచిన బల్ల మీద కార్డులు వరసగా పేర్చి, కార్యకర్తలను ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. దొంగలను గుర్తుపట్టమన్నట్టు గుర్తుపట్టమంది.

కొందరు వంగి చూసి దండం పెట్టి వెళ్లిపోయారు. ఇద్దరు ఒకే కార్డు మీద చెయ్యివేసి గొడవపడ్డారు. వాళ్లను విడదీయడానికి ఉప కమిటీ కావలసి వచ్చింది.

అప్పలనర్సమ్మ వంతు వచ్చింది. ఆమె కార్డుల వైపు చూడలేదు.

“మీ కార్డు చూపించండి” అన్నారు కమిటీ అధ్యక్షులు.

“నాకు కార్డొద్దండి. గుడ్లు పెట్టమంటారా నేదా, అదొక్కటి సెప్పండి. మూల పెట్టినవి పాడైపోతన్నాయి. కొత్తవి దిగుతన్నాయి. గుడ్లున్నాయి, పిల్లలున్నారు. మజ్జిన అడ్డమేటో నాకు బోధపడ్నేదు.”

“అది ఈ కమిటీ పరిశీలనాంశాల్లో లేదమ్మా.”

ఆమె వైకుంఠరావు వైపు తిరిగింది. “బాబూ, మీకు తెలుసు గదా. మీరు సెప్పండి.”

ఆయన గోడ మీది క్యాలెండరులో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. ఆమె వెళ్లిపోయింది. ఆమెకు తన మీద కోపం వచ్చి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది. కోపం లేదు. పక్కింటివాళ్లను నిచ్చెన అడిగితే లేదన్నప్పుడు వెనక్కి తిరిగినట్టు తిరిగి వెళ్లిపోయింది.

కేంద్రాల్లో గుడ్లు పాడవుతున్నాయన్న మాట మాత్రం మేడం చెవిన పడింది. ఆవిడ మంచి మనిషే. వెంటనే స్పందించి, నమోదు కాని గుడ్లన్నీ కార్యాలయానికి తెప్పించి భద్రపరచాలని ఆదేశించారు. భద్రపరచవలసిన అధికారి ఎవరన్న చర్చ రాలేదు.

“నిల్వస్థల నిర్వహణ అంటే మీరేగా” అన్నారు.

“అది ఫోన్ల గురించండి.”

“ఉత్తర్వులో ఫోన్లకు మాత్రమే అని ఉందా?”

సమస్త ఫోన్లు అని ఉంది గానీ, మాత్రమే అని లేదు. గుడ్లు వచ్చాయి. ముందు స్టోరు గది నిండింది, తరువాత రికార్డుల గది. రికార్డులను వరండాలోకి తరలించారు. వాటి వెనకే వైకుంఠరావు బల్ల, కుర్చీ, ఇత్తడి బోర్డు కూడా వరండాలోకి వచ్చాయి. ఆయన గదిలో కిటికీ ఎత్తువరకూ గుడ్లు కూర్చున్నాయి. వరండాలో ఎండ కాళ్ల మీదికి పాకుతుంటే, దారిన పోయేవాళ్లు ఆగి “సార్, గుడ్లు అమ్ముతారేటి?” అని అడిగేవారు.

దూరపు ఊళ్ల నుంచి గుడ్లు రావడం ఆలస్యమవుతోందని మేడం ఆయన్ను స్వయంగా వెళ్లి తెమ్మన్నారు. ఆటో మాట్లాడుకుని వైకుంఠరావు జీడివలస వెళ్లాడు.

కేంద్రం ఒక రేకుల గది. పిల్లలు పళ్లాలు ముందు పెట్టుకుని గోడ వారగా కూర్చున్నారు. అన్నం, పప్పు వడ్డించడం అయింది. ఎవరూ తినడం లేదు, మూలనున్న అట్టల వైపు చూస్తున్నారు. చివర కూర్చున్న ఒక పిల్ల మరీ చిన్నది. చేతులు కాళ్లు పుల్లల్లా ఉన్నాయి, కళ్లు మాత్రం పెద్దవి.

“అదెవరు?” అన్నాడు ఏదో ఒకటి అనాలని.

“లోకేశ్వరి అండి. వాళ్లమ్మ పన్లకి పైదేశం పోనాది. అమ్మమ్మ దగ్గిరుంటాది. మొన్న దాకా బరువు పెరుగుతుండేది. ఇప్పుడు తగ్గిపోనాది.”

“ఎంత తగ్గింది?”

“సెప్పడానికి బరువు యాప్ లేదు గదా బాబూ” అంది అప్పలనర్సమ్మ, ఎత్తిపొడుపు ఏమీ లేకుండా. “సంకనేసుకుంటే తెల్సిపోతంది.”

ఆటో డ్రైవరు లోపలికి వచ్చి గుడ్ల అట్టలు ఎత్తబోయాడు. లోకేశ్వరి ఏడవలేదు. గుడ్లు బయటికి వెళుతుంటే వాటితో పాటు తల తిప్పింది, అంతే. ఆ చూపు ముందు వైకుంఠరావుకు తన సర్వీసంతా ఒక్కసారి గుర్తొచ్చింది. అందులో ఆయన తనంత తానుగా చేసిన పని ఏదైనా ఉందా అని వెతికితే, వేలు తగిలి యాప్ తరలించడం ఒక్కటే కనిపించింది. అదీ పొరపాటున.

“దించు” అన్నాడు డ్రైవరుతో.

“ఏటండి?”

“గుడ్లు దించమన్నాను. అప్పలనర్సమ్మా, పొయ్యి మీద నీళ్లు పెట్టు.”

ఆమె కదల్లేదు. “యాపు?”

“యాప్ లేదు.”

“మరి రేపు అడిగితే?”

“నేను చెప్పానని చెప్పు.”

“కాయితం మీద రాసిస్తారేటి?”

రాసిస్తే ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది, వరహాలమ్మ చేతిలో మిగతా జీవితం గడుస్తుంది. ఆమె మాత్రం ఆయన ముఖం చూస్తూ నిలబడింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, గుడ్ల అట్ట మీదే రాశాడు. ‘యాప్ పనిచేయనందున గుడ్లు పిల్లలకు పెట్టవలెను.’ కింద సంతకం. అట్ట గుంతల మీద సంతకం ఆయనదిలా రాలేదు. ‘నాదే’ అని పక్కన ఇంకోసారి పెట్టాడు.

ఆ తరువాత భయం వల్లనే ఆయనకు వేగం వచ్చింది. ఎలాగూ మునిగాం గదా అన్న ధైర్యం అది. ఆ ఆటోలోనే ఊరూరూ తిరిగి అదే మాట చెప్పాడు. మేడం సెలవులో ఉన్న రోజు చూసి కార్యాలయంలోని గుడ్లలో బాగున్నవి ఏరించి కేంద్రాలకు పంపేశాడు. మిగతావి గొయ్యి తీయించి పూడ్పించాడు. కార్డులు చేతికందినవి చేతికందినట్టు ఫోన్లలో పెట్టించి ఫార్మాట్ నొక్కించాడు. అన్ని యాప్‌లూ, అన్ని రికార్డులూ ఒక్క ఊపున పోయాయి. ఫోన్లు కొన్ననాటిలాగా తళతళలాడాయి. యాప్‌లను మళ్లీ వేసుకోవాలంటే గట్టి సిగ్నలు కావాలి. కొండ ఊళ్లలో వచ్చే సిగ్నలు మాట్లాడుకోవడానికి మాత్రమే సరిపోతుంది. ఎవరూ తొందరపడలేదు. పిల్లలు మధ్యాహ్నం రావడం, గుడ్డు తినడం, ఇంటికి పోవడం సాగిపోయింది.

సంచాలకుల కార్యాలయం నుంచి ఫోను వచ్చినప్పుడు ఆయన వరండాలోనే ఉన్నాడు. వెంటనే రాజధానికి రమ్మన్నారు. ఎందుకని అడిగే ధైర్యం లేక, సస్పెన్షను కాగితం చేతికివ్వడానికే అనుకున్నాడు. వరహాలమ్మ పులిహోర కట్టి ఇస్తూ, “గుడ్లు పెట్టినందుకే గదా. దొంగతనం చేసినట్టు ఆ మొహమెందుకు?” అంది. ఆవిడ ఆ మాట అంటుందని ఆయన అనుకోలేదు. బస్సెక్కాక చాలాసేపు అదే ఆలోచించాడు.

రాజధానిలో పెద్ద హాలు. వేదిక మీద పూలకుండీలు, గోడ మీద వెలిగే తెర. తెర మీద రాష్ట్రంలోని ప్రాజెక్టులన్నీ వరసగా ఉన్నాయి. నెలవారీ నివేదికల్లో చూపిన ఫోన్ల ఖాళీ స్థలం శాతాన్ని బట్టి శాఖ ఆ ఏడాది ఉత్తమ ప్రాజెక్టును ఎంపిక చేసింది. మిగతా ప్రాజెక్టులన్నీ ఎర్రగా ఉంటే పైన ఒక్కటి మాత్రం పచ్చగా వెలుగుతోంది. అది కొండవలస. ఏమీ లేని ఫోన్లలో దాదాపు అంతా ఖాళీయే గదా.

ఆయన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. సంచాలకులు స్వయంగా మైకు అందించారు.

“ఈ ఘనత ఎలా సాధించారో మన సహోద్యోగులకు నాలుగు మాటల్లో చెప్పండి.”

వైకుంఠరావు మైకు పట్టుకున్నాడు. శాలువా మెత్తగా, వెచ్చగా ఉంది. ‘ఏదో కొద్దిగానండి’ అన్న మాట నాలుక చివరకు వచ్చింది. దాన్ని మింగాడు.

“మా ఫోన్లలో యాప్‌లు లేవండి. కార్డులు నేనే కింద పోశాను. ఫార్మాట్ నేనే చేయించాను. సమాచారమంతా పోయింది. గుడ్లు మాత్రం యాప్ లేకుండానే పెడుతున్నాం. పిల్లలు తింటున్నారండి.”

ముందు వరసలో ఎవరిదో పెన్ను కిందపడి దొర్లిన చప్పుడు వినిపించింది. సంచాలకులు కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించారు.

“చూశారా, వినయం” అన్నారు. “సాధించినవారు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారు.”

చప్పట్లు మోగాయి. వైకుంఠరావు మైకు దగ్గరికి మళ్లీ వంగాడు. “నిజంగానేనండి. పిల్లలు గుడ్లు తింటున్నారు.”

“నమోదు ఉందా?”

“లేదండి.”

“అయితే అది మన పరిశీలనలోకి రాదు” అని సంచాలకులు ఆయన భుజం తట్టి, ఖాళీ స్థలాన్ని ఎప్పటికప్పుడు కొలిచి పైకి పంపే ఒక కొత్త యాప్‌ను అదే వేదిక మీద ఆవిష్కరించారు. అన్ని ప్రాజెక్టులూ దాన్ని వెంటనే వేసుకోవాలని, అది ఇప్పటివరకూ వచ్చినవాటన్నింటికంటే పెద్దదని చెప్పారు.

ఆ కొత్త యాప్ వేయించడానికి వైకుంఠరావు మళ్లీ ఊళ్ల మీద పడ్డాడు. జీడివలస వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. గదిలో ఉడికిన గుడ్ల వాసన. అప్పలనర్సమ్మ ఫోను తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“ఇదెప్పట్నుంచో ఇలా గుండ్రంగా తిరుగుతన్నాది బాబూ. పొద్దుటనగా నొక్కాను. దిగదు, ఆగదు. కొండెక్కి సిగ్నలు పట్టమంటారేటి?”

ఆయన తెర వైపు చూశాడు. సన్నని చక్రం ఒకటి తిరుగుతోంది. కొండెక్కితే సిగ్నలు వస్తుందని ఆయనకు తెలుసు. గంటలో యాప్ దిగిపోతుందని, తరువాత దాని వెనకే మిగతావన్నీ వస్తాయని కూడా తెలుసు.

“తిరగనీ” అన్నాడు. “నువ్వు పిల్లలకి వడ్డించు.”

ఫోనును కిటికీలో బోర్లా పెట్టి, పిల్లల పక్కన చాప మీద కూర్చున్నాడు. లోకేశ్వరి గుడ్డును పళ్లెం అంచుకు కొట్టి, గోళ్లతో పెంకు ఒలుచుకుంది. రెండుగా చీల్చి పచ్చసొన అంతా నోట్లో వేసుకుంది. బుగ్గ పొడుచుకు వచ్చింది. మిగిలిన తెల్లటి దొన్నెను కాసేపు పరీక్షగా చూసి, తనకు అక్కర్లేదన్నట్టు ఆయన ముందు పెట్టింది.

“నువ్వే తినాలమ్మా. బలం” అన్నాడు.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

వైకుంఠరావు గుమ్మం వైపు ఒకసారి చూశాడు, ఎవరైనా ఫోటో తీస్తున్నారేమోనని. ఎవరూ లేరు. ఆ ముక్కను నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. ఉప్పు తక్కువైంది.